ఆమెన్ అన్నాకే తాళం

ఈమధ్య ఉదయగిరి బజారులో నన్ను ఆపి మాట్లాడని మనిషి లేడు. నేనేదో పెద్దదాన్నయిపోయానని కాదు. మా బండి తాళం తీసినా ఆగదు, అందుకు.

టీచర్లను బడికాడ దించాక, ఆత్మకూరు నుంచి తెచ్చిన మందుల పెట్టెలు ఇక్కడి షాపుకు ఇచ్చిపోతాను. ఆ షాపు సందులోకి బండి పోదు. బజారులోనే ఓ పక్కన ఆపి, తాళంచెవి తీసి, తలుపులు మూసి, మందుల పెట్టె చంకన పెట్టుకుని నడిచి పోతాను. మొన్న నాలుగడుగులు వేశానో లేదో పూలమ్మే ఆమె కేకేసింది.

"అమ్మాయ్, బండి ఆపను మర్చిపోయినావు!"

"మర్చిపోలా అక్కా. కాసేపటికి అదే ఆగిపోతాది."

ఆమె నమ్మలేదు. ఇంకాస్త ముందుకు పోగానే టీ అంగడాయన అందుకున్నాడు. "ఓమ్మా, ఇంజను తిరగతానే ఉండాది. డీజిలేమన్నా ఊరికే వస్తా ఉండాదా?" ఆయనకీ చెప్పాను. ఆ తర్వాత సైకిలు మీద పోతున్న పెద్దాయన ఒకడు దిగి, సైకిలు తోసుకుంటూ నా వెంట పడ్డాడు. "తాళం నీ చేతిలో ఉండె. బండేమో ఆడ తిరగతా ఉండె. లోపల ఎవురున్నారు తల్లీ?" అని మెల్లగా అడిగాడు. లోపల ఏదో చేరిందేమోనని ఆయన అనుమానం. నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చింది కూడా. కానీ ఆయన ముఖంలో నిజంగా బెంగ కనిపించి, మింగేశాను.

మా వైపు జనం అంతే. బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టినా ఎవరూ ఏమీ అనరు. ఖాళీ బండిలో ఇంజను తిరుగుతుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేరు.

వాళ్ళందరికీ విడివిడిగా చెప్పింది ఇక్కడ ఒక్కసారే చెబుతాను. మా బండిలో టర్బో అనే సామాను ఉంది. ఇంజను వదిలే పొగతో గిర్రున తిరిగే చిన్న పంకా అది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు గాలి ఎక్కువ అందించి బలమిస్తుంది. ఎర్రగా కాలే వేడిలో తిరుగుతుంది కాబట్టి దానికి ఆయిల్ అందుతూనే ఉండాలి. ఎత్తెక్కి వచ్చి టక్కున ఇంజను ఆపేస్తే ఆయిల్ ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. లోపల ఉన్న ఆయిల్ మాడి బొగ్గవుతుంది. రోజూ అలా చేస్తే టర్బో పోతుంది. మాది పోయింది. కొత్తది వేయించాక ఒక చిన్న డబ్బా పెట్టించాను. తాళం తీసేసినా అది ఇంజన్ని కాసేపు తిరగనిచ్చి, టర్బో చల్లబడ్డాక ఆపుతుంది. టర్బో టైమరు అంటారు దాన్ని.

అన్నేళ్ళు చెక్కుచెదరని టర్బో ఇప్పుడే ఎందుకు పోయిందో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

మా నాయన పేరు వెంగయ్య. వయసులో ఉన్నంత కాలం మిషన్ ఆసుపత్రి జీపు నడిపాడు. తర్వాత ఈ ఏడు సీట్ల డీజిల్ బండి కొనుక్కున్నాడు. మా ఇల్లు ఆత్మకూరులో, బస్సు డిపో వెనక పాళెంలో. పొద్దున ఆత్మకూరులో టీచర్లను ఎక్కించుకుని, ఉదయగిరి కొండ కింద మిట్ట మీద ఉన్న బడిలో దించి, సాయంత్రం తీసుకురావడం ఆయన పని. కళ్ళు మసకబారాక స్టీరింగు నాకిచ్చి పక్క సీట్లోకి జరిగాడు. బండి కదిలే ముందు ఒక ప్రార్థన, చేరాక ఒక ప్రార్థన. జీపు రోజుల నుంచి అలవాటు. చేరాక చేసే ప్రార్థనకు ఆయన పెట్టుకున్న కట్టుబాటు ఒకటి ఉంది. ఆమెన్ అనేదాకా ఇంజను ఆపకూడదు.

ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"దారి పొడుగూతా కాపాడినాయనకి ఒక మాట చెప్పకముందే ఆపేస్తే ప్రయాణం అయినట్టు ఎట్టా పాపా?" అన్నాడు.

ఆయన లెక్క అంతే. టర్బో అనే మాట ఆయనకు తెలియదు.

బడి గేటు ముందు బండి ఆగాక, ఇంజను గుడగుడమంటుంటే, నాయన రుమాలు ఒళ్ళో పరుచుకుని కళ్ళు మూసుకునేవాడు. "కృపగల తండ్రీ, ఈ దినమున మమ్మును క్షేమముగా చేర్చినందుకు నీకు స్తోత్రములు..." అని మొదలుపెట్టి, తర్వాత గొంతు తగ్గించి ఒక్కొక్కరి పేరూ చెప్పేవాడు. టీచర్లలో చర్చికి పోయేవాళ్ళు ఇద్దరే. మిగిలిన వాళ్ళు గుడికి పోయేవాళ్ళు. అయినా అందరూ తల వంచుకుని కూర్చునేవాళ్ళు. హెడ్మిస్ట్రెస్ విజయకుమారి మేడం ఆ కాసేపట్లోనే కళ్ళద్దాలు తుడుచుకునేది. నేను మాత్రం పేర్లు వినేదాన్ని కాదు. స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ ఆమెన్ ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని. ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. అది నా రోగం.

నా కంటే పెద్ద రోగి రాఘవ సారు. లెక్కల టీచరు. ఈ ఏడే బదిలీ మీద వచ్చాడు. మొదటి వారం నుంచీ ప్రార్థన సగంలోనే మెల్లగా తలుపు తీసుకుని జారుకునేవాడు. నాయన కళ్ళు తెరవకుండా మిగిలిన పేర్లు చెబుతూ పోయేవాడు.

అంతలో హాజరు ఫోనులోకి వచ్చింది. తొమ్మిది లోపల బడి ఆవరణలో నిలబడి ఫోనుకు ముఖం చూపించాలి. ఒకరోజు మర్రిపాడు దాటాక గొర్రెల మంద అడ్డం పడింది. అందరూ గడియారం చూసుకుంటూనే వచ్చారు. గేటు ముందు ఆగగానే నాయన కళ్ళు మూసుకున్నాడు. రాఘవ సారు రెండు మాటలు కూడా విననివ్వలేదు.

"పెద్దాయనా, ఈడ మా జీతాలు పోతా ఉంటే నీ స్తోత్రాలేంది? ఆపు!"

తలుపు విసురుగా తోసి పరిగెత్తాడు. మిగిలిన వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆయన వెనకే పోయారు. నాయన కళ్ళు తెరిచాడు. వెనక్కి తిరిగి ఖాళీ సీట్లు చూశాడు. ఎవరికీ వినపడకూడదన్నట్టు "ఆమెన్" అన్నాడు.

సాయంత్రం రాఘవ సారును కడిగేశాను. "మా నాయన వయసేంది, మీ మాటేంది సార్?" అంటే, "తప్పేలే కరుణా, టెన్షన్లో నోరు జారినాను" అన్నాడు. ఆ మాట నాయనకు చెప్పాను. ఆయన తలూపాడు. తెల్లారి బండి దగ్గరికి రాలేదు. గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఆ సీటు ఇంకొకరికి ఇయ్యి పాపా. నా వల్ల వాళ్ళకి ఆలస్యం" అన్నాడు.

బతిమాలాను, కోప్పడ్డాను. రాలేదు. అప్పటి నుంచి ఆయన ఆ కుర్చీ వదల్లేదు. మాట తగ్గింది, తిండి తగ్గింది. ఎప్పుడూ రోడ్డు మీద ఉన్న మనిషి, గేటు బయట పోయే బస్సుల చప్పుడు విని ఏ డిపోదో చెప్పే మనిషి, బస్సు పోయినా తలెత్తేవాడు కాదు. మా అమ్మ రెబెకమ్మ రోజూ ఒకటే మాట. "మీ నాయన్ని మళ్ళా బండెక్కించుమే. ఎక్కకపోతే ఆయన ఈ కుర్చీలోనే అయిపోతాడు." నాది కూడా రోజూ ఒకటే జవాబు. "నేనేం చేసేది? రమ్మంటే రాలా!" నా గొంతులో కోపం ఉండేది గానీ, లోపల ఉన్నది భయం.

నాయన దిగిపోయాక బండికి కష్టాలు మొదలయ్యాయి. అంతకుముందు ఆ బండి ఒంటరిగా ఉండింది లేదు. నేను మందులివ్వడానికి సందులోకి పోతే నాయన సీట్లో కూర్చుని ఉండేవాడు. తాళంచెవి బండికే వదిలి పోవడం నాకు అలవాటైపోయింది. ఆయన బండిలో లేడన్న సంగతి తలకు ఎక్కినా చేతికి ఎక్కలేదు. అలాగే తాళం వదిలి పోయాను. వచ్చి చూస్తే బండి లేదు. ఎవరో తీసుకుపోయి, ఊరి బయట చెరువు కట్ట దగ్గర వదిలేశారు. బండి దొరికింది, నా ప్రాణం కుదుటపడింది. కానీ ఆ సాయంత్రమే జోయలు బావ షాపుకు పోయి కూర్చున్నాను.

జోయలు మా మేనత్త కొడుకు. డిపో పక్క సందులో బండ్లకు వైరింగు, అలారాలు, పాటల డబ్బాలు బిగిస్తాడు. నా బండికి ఒక అలారం, దానితోపాటు ఇమ్మొబిలైజరు పెట్టాడు. రిమోటు నొక్కితే అలారం కాపలాకు దిగుతుంది. ఎవరైనా బండిని కదిపితే సైరను కొడుతుంది. ఇమ్మొబిలైజరు పని వేరు. అది ఇంజనుకు పోయే కరెంటు కోసేస్తుంది. ఇంకెవరు ఏ తాళం పెట్టి తిప్పినా బండి కదలదు.

కొన్నాళ్ళు నిశ్చింతగా గడిచింది. తర్వాత ఎత్తెక్కుతుంటే ఈల లాంటి చప్పుడు మొదలైంది. ఆ తర్వాత వెనక నీలం పొగ. డీజిల్ మేస్త్రీ విప్పి చూసి టర్బో పోయిందన్నాడు. "ఎత్తెక్కి రాంగానే ఆపేస్తా ఉండావా?" అని అడిగాడు. అవునన్నాను. "అట్టయితే కొత్తదీ నిలవదు. టైమరు పెట్టించుకో" అన్నాడు. ఆ డబ్బా కూడా జోయలు బావే బిగించాడు.

మూడు డబ్బాలూ కలిసి పనిచేసిన మొదటి పొద్దు నేను జన్మలో మర్చిపోలేను. బడి గేటు ముందు టీచర్లు దిగి పరుగు తీశారు. నేను తాళం తీశాను. ఇంజను తిరుగుతూనే ఉంది. బాగుందనుకుని, రిమోటు నొక్కి, వంట చేసే పిచ్చమ్మకు ఇవ్వాల్సిన కూరగాయల సంచి తీసుకుని లోపలికి నడిచాను. పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఇంజను తిరిగితే బండి అదురుతుంది కదా. ఆ అదురుకు, ఎవరో బండిని కదుపుతున్నారనుకుంది అలారం. ఊరంతా వినపడేలా సైరను అందుకుంది. నేను సంచి వదిలేసి పరిగెత్తి రిమోటు నొక్కితే ఆగింది. నాలుగడుగులు వేస్తే మళ్ళీ మొదలు. పిల్లలకు పండగయింది. వరసలో ఒకడు కుయ్ కుయ్ అన్నాడు, తర్వాత వరసంతా కుయ్ కుయ్ అంది. వంకాయలు మెట్ల మీద దొర్లుతున్నాయి.

విజయకుమారి మేడం వరండాలోంచి దిగి వచ్చి, ఒక వంకాయ తీసి నా చేతిలో పెట్టింది. "కరుణా, మీ నాయన ప్రార్థనే నయం. ఇంత గొంతు లేదు దానికి" అంది.

అందరూ నవ్వారు. రాఘవ సారు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం జోయలు బావ మీద విరుచుకుపడ్డాను. ఆయన అదురు కనిపెట్టే మీట తగ్గించాడు. మరుసటి రోజు సైరను కొట్టలేదు. కానీ రిమోటు నొక్కగానే ఇమ్మొబిలైజరు ఇంజను నోరు నొక్కేసింది. టైమరేమో తిరుగు అంటుంది, ఇమ్మొబిలైజరేమో ఆగు అంటుంది. ఒకే వంటింట్లో ఇద్దరు అత్తలు చేరినట్టయింది. మళ్ళీ షాపుకు పోయాను. ఈసారి బావ డాష్‌బోర్డు అంతా ఊడదీసి, వైర్లన్నీ కిందేసుకుని, సాయంత్రందాకా కుస్తీ పట్టాడు. టైమరు పని ముగిసేదాకా అలారమూ ఇమ్మొబిలైజరూ మేలుకోకుండా కలిపాడు. ఇంజను ఆగినాకే అవి కాపలాకు దిగుతాయి. బజారులో అందరూ నన్ను ఆపి మాట్లాడడం మొదలైంది అప్పుడే.

వారం తిరక్కుండానే సైకిలు పెద్దాయన అడిగిన మాట మనసులో గుచ్చుకుని, దార్లో జోయలు బావ షాపు ముందు ఆగాను.

"బావా, ఇంజను తిరిగేటప్పుడు ఎవురన్నా అద్దం పగలగొడితే అలారం కొడతాదా?"

"కొట్టదు. అప్పుడది నిద్రలో ఉంటాది."

"బండిలో మిగిలిన మందుల పెట్టెలు ఎత్తుకపోతే?"

"ఎత్తుకపోతారు. నేనేం చేసేదిమే? అలారం మేలుకుంటే ఇంజను తిరగనీదు. ఇంజను తిరగాలంటే అలారం పడుకోవాల. ఆ కాసేపు బండికాడ మనిషి ఉండాల. అది డబ్బాతో అయ్యే పని కాదు."

"మనిషే ఉంటే నీ డబ్బాలెందుకు నాకు?"

"నేనూ అదే అంటా ఉండేది. ఆ కాసేపు నువ్వే కూర్చో."

"నాకు తీరిక యాడిది?"

"తీరిక ఉండాది. ఓపిక లేదు" అన్నాడు బావ, టేపు పళ్ళతో కొరుకుతూ.

ఒళ్ళు మండిపోయింది. కూర్చోవడం ఏమంత పెద్ద పనో చూపిస్తాననుకున్నాను. తెల్లారి టైమరు స్విచ్చి ఆపేసి బయలుదేరాను. బడి గేటు ముందు ఆగాను. టీచర్లు దిగి ఫోన్లు ఎత్తుకుని పరిగెత్తారు. నేను తాళం తీయకుండా కూర్చున్నాను.

కూర్చోవడం మొదలుపెట్టగానే చెయ్యి తాళం మీదికి పోయింది. వెనక్కి లాక్కున్నాను. ఫోను మోగింది. తీయలేదు. వేళ్ళు స్టీరింగు మీద దరువేస్తున్నాయి. ఇంజను గుడగుడమంటోంది. కొండ మీద నుంచి గాలి వస్తోంది. బడిలో గంట కొట్టారు. నేను దరువేస్తూ దేనికోసమో ఎదురుచూస్తున్నాను. దేనికోసమో కాసేపటిదాకా తెలియలేదు. ఆ గుడగుడ, ఆ వేడి ఆయిల్ వాసన, ఆ దరువు, ఇదంతా నాకు బాగా తెలిసిన కాసేపే. ఇందులో ఒక గొంతు ఉండాలి. అది లేదు. నేను ఆమెన్ కోసం చూస్తున్నాను.

పక్కకు తిరిగి చూశాను. నాయన సీట్లో కూరగాయల సంచి ఉంది.

ఇన్నేళ్ళు టర్బో ఎందుకు పోలేదో అప్పుడు అర్థమైంది. రోజూ ఎత్తెక్కి వచ్చాక ఈ కాసేపు ఆయన ప్రార్థన చేశాడు, ఇంజను తిరిగింది, టర్బో చల్లబడింది. నేను సందులోకి పోతే ఆయన కూర్చున్నాడు, బండి చోటు కదల్లేదు. ఆయన దిగిపోయాక ఒక మనిషి చేసే పనికి మూడు డబ్బాలు కొన్నాను. అవి కొట్టుకు చస్తున్నాయి. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. పిచ్చమ్మ సంచి కోసం వచ్చి, నా ముఖం చూసి, మెల్లగా సంచి తీసుకుని పోయింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి నాయన కుర్చీలోనే ఉన్నాడు. అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను చెప్పులు కూడా విడవలేదు.

"నాయనా, టర్బో ఎందుకు పోయిందో తెలిసింది."

"మేస్త్రీ చెప్పినాడు గదా."

"నువ్వు దిగినావు. అందుకు పోయింది."

ఎగతాళి చేస్తున్నాననుకుని మొహం తిప్పుకున్నాడు. కింద కూర్చుని అంతా చెప్పాను. వేడి, ఆయిల్, బొగ్గు, ఆమెన్.

"అంటే ఇన్నాళ్ళూ నేను ఇంజనాయిలు కోసరం ప్రార్థన చేసినానా?"

"అది కాదు నాయనా..."

"నేను ఇంజను కోసరం చేయలా, చేయను. దానికి డబ్బా పెట్టించినావు గదా. అది చేస్తాదిలే."

"డబ్బాకి కాపలా కాయను రాదు. అలారానికి ఓర్చుకోను రాదు. నాకు కూర్చోను రాదు. మా అందరికీ రానిది నీకొక్కడికే వస్తాది."

"నువ్వే కూర్చోవచ్చు గదా?"

"ఈ పొద్దు కూర్చున్నా. నువ్వు పక్కన లేకుండా ఆ కాసేపు నాకు గడవలా." ఆయన కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు లేకపోతే బాగాలేదు నాయనా."

ఆయన నా వైపు చూశాడు. సరిగా కనిపించదు గనుక ముఖం దగ్గరికి వంగి చూశాడు. "ఆ సారుకి ఆలస్యమవతాది" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ ఆయన గుండెలో పెట్టుకున్నది కోపం కాదని. ఒకరికి అడ్డమైపోయానన్న సిగ్గు అది.

"వాళ్ళందరూ దిగి పోతారు. ముఖాలు చూపించుకోనీ. నువ్వూ నేనూ ఉంటాం. నువ్వు ఆమెన్ అనేదాకా నేను తాళం తిప్పను."

అమ్మ చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది. "ఆయన మానుకున్నాడని నీకెవురు చెప్పినారు?" అంది నాతో. "తొమ్మిది అవతానే, బండి చేరుంటాది అని ఈ కుర్చీలోనే కళ్ళు మూసుకుంటాడు. పేరు పేరునా చెప్పి, ఆమెన్ అన్నాకే కాఫీ తాగేది."

నాయన కసురుకున్నాడు. "ఊరుకో నువ్వు. అన్నీ చెప్పాల్నా?"

"మరి రేపు బండిలోనే చెప్పు నాయనా" అన్నాను.

"చూస్తాంలే" అన్నాడు. ఆయన చూస్తాంలే అంటే చాలాసార్లు రానని అర్థం. నేను ఇంకేమీ అనలేదు. అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

పొద్దున బండి తుడుద్దామని గుడ్డ తీసుకుని బయటికి వస్తే, ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. బండి వైపు చూశాను. నాయన సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, సీటు బెల్టు, ఒళ్ళో రుమాలు. అప్పుడే తొందరపెట్టాడు కూడా. "ఏంది పాపా, ఇంకా తుడిచేది? మేడం ఎదురుచూస్తా ఉంటాది."

డిపో దగ్గర టీచర్లు ఎక్కారు. విజయకుమారి మేడం, "వచ్చినారా వెంగయ్య గారూ!" అని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. రాఘవ సారు ఆయన్ని చూసి, వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు. దారంతా కిటికీలోంచే చూశాడు. నాయన ఎదురొచ్చే బస్సుల చప్పుడు విని ఇది ఉదయగిరి డిపోది, ఇది కావలిది అని చెబుతూ వచ్చాడు. ఒకటి తప్పు చెప్పాడు. నేను సరిచేయలేదు.

గేటు ముందు ఆగాము. "మీరు పోండి సార్, పోండి మేడం. హాజరు చూసుకోండి" అని నాయనే చెప్పాడు. అందరూ దిగి పోయారు. ఇంజను గుడగుడమంటోంది. నాయన రుమాలు సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను కూడా ఎప్పుడూ లేనిది చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాను.

మేడం మోకాళ్ళ నొప్పి చెప్పాడు. పిచ్చమ్మ కొడుక్కి పని దొరకాలని చెప్పాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి, వాళ్ళు ఎప్పుడెప్పుడో ఈ సీట్లలో కూర్చుని మాట్లాడుకున్నవన్నీ వరసగా దేవుడికి అప్పజెప్పాడు. అంతలో వెనక తలుపు చప్పుడైంది. అద్దంలో చూశాను. రాఘవ సారు. టిఫిన్ క్యారియరు మర్చిపోయి వచ్చాడు. హాజరు వేసుకున్నట్టున్నాడు, ఫోను ఇంకా చేతిలోనే ఉంది. నాయన కళ్ళు తెరవలేదు.

"...రాఘవ సారు చిన్నబిడ్డ నవ్యశ్రీకి ఆయాసం తగ్గించు తండ్రీ. ఆ తండ్రికి కంటి నిండా నిద్ర ఇయ్యి. ఎప్పుడూ తొందరలో ఉంటాడు. ఆయన కాలు ఎక్కడా తొట్రుపడకుండా చూడు. ఆమెన్."

"ఆమెన్" అని వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. శనివారం శనివారం తప్పకుండా కొండ మీద గుడికి పోయే మనిషి రాఘవ సారు.

నాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"పెద్దాయనా," రాఘవ సారు క్యారియరు పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు. "నా బిడ్డ పేరు ఎప్పటి నుంచి చెప్తా ఉండావు?"

"మీరొచ్చిన మొదటి వారం నుంచీ. ఫోనులో మీ ఇంటామెతో చెప్తా ఉంటే విన్నాలే. కొత్తగా వచ్చినోళ్ళు గదా, వరసలో చివర ఉంటారు. ఆడిదాకా మీరెప్పుడూ ఉండలా."

రాఘవ సారుకు కళ్ళు తుడుచుకోవడానికి ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో క్యారియరు అడ్డమొచ్చాయి. చివరికి మోచేత్తో తుడుచుకున్నాడు.

"తగ్గింది పెద్దాయనా. ఇప్పుడు బడికి పోతా ఉండాది" అన్నాడు. "ఆ పొద్దు నేను అట్టా అనకూడదు. రేపు నా పేరు ముందు చెప్పు. ముఖం చూపించి పరిగెత్తుకుని వస్తాను."

"అదెట్టా? ముందు పాతోళ్ళు, తర్వాత కొత్తోళ్ళు. మీరు మీ వరసలోనే ఉండండి సార్" అన్నాడు నాయన.

రాఘవ సారు నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నాయనకు అంత దూరం కనిపించదని మర్చిపోయాడు. "ఊపతా ఉండాడు నాయనా" అని చెప్పాను. నాయన కూడా చెయ్యి ఊపాడు. ఎన్నాళ్ళకో ఆయన ముఖం పాత ముఖంలా ఉంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఏంది పాపా," అన్నాడు నాయన. "ఆమెన్ అని ఎంత సేపయింది? డీజిలేమన్నా ఊరికే వస్తా ఉండాదా?"

అప్పుడు తాళం తిప్పాను.